గింజలోని ఇనుము రక్తంలో కనిపించాలి

బయోఫోర్టిఫైడ్ సజ్జ రకాలను సిఫారసు చేసేటప్పుడు మనం గింజలోని ఇనుము శాతాన్ని ఆధారంగా చూపుతాం. విడుదలకు వచ్చే సజ్జ రకంలో కిలో గింజకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని 2018లో మన దేశంలో ప్రమాణం ఏర్పడింది. ఈ ప్రమాణం అవసరమే. కాని గింజలోని ఇనుమంతా ఒంటబట్టదు. ఫైటేట్లు కొంత అడ్డుకుంటాయి. కనుక రకం ప్రయోజనాన్ని తేల్చవలసింది తిన్నవారి రక్తమే.

శరీరంలోని ఇనుము నిల్వకు ఫెరిటిన్ అనే ప్రోటీన్ సూచిక. అయితే ఇన్ఫెక్షన్ సోకినప్పుడు నిల్వ పెరగకున్నా ఫెరిటిన్ పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఐదేళ్లలోపు పిల్లలకు లోపం హద్దును లీటరుకు 12 మైక్రోగ్రాములుగా, ఇన్ఫెక్షన్ లేదా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే 30గా సూచించింది. సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను కూడా కొలవకుండా ఇచ్చిన ఫెరిటిన్ అంకె సగం సమాచారమే.

ఇక్కడే పూసల పరీక్ష అక్కరకు వస్తుంది. సుమారు 6 మైక్రాన్ల పాలిస్టైరీన్ పూసలలో రెండు రంగులను పదేసి మోతాదుల్లో ఇంకిస్తే 100 రకాల పూసలు సిద్ధమవుతాయి. ఒక్కో రకంపై ఒక్కో ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ ఉంటుంది. ఒక లేజర్ పూస రకాన్ని గుర్తిస్తుంది. మరొకటి ఆ పూసకు ఎంత ప్రోటీన్ అంటిందో కాంతి ద్వారా కొలుస్తుంది. పసిపిల్లల నుంచి తీయగలిగే కొద్దిపాటి రక్తంతోనే అనేక ఫలితాలు లభిస్తాయి.

అయితే పరిమితులను విస్మరించరాదు. సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను మిల్లీగ్రాములలో, ఫెరిటిన్‌ను మైక్రోగ్రాములలో లెక్కిస్తాం. సీరంను ఒకే స్థాయిలో పలుచన చేస్తే ఎక్కువగా ఉన్నది కొలత పరిధిని దాటవచ్చు, తక్కువగా ఉన్నది అందకపోవచ్చు. కాబట్టి ప్రతి ప్లేటులో ప్రమాణ నమూనాలు ఉండాలి. కొన్ని ఫలితాలను ఎలీసాతో సరిచూడాలి. వీలుంది కదా అని 20 ప్రోటీన్లను పరీక్షిస్తే, నిజమైన తేడా ఏదీ లేకున్నా, 5 శాతం స్థాయిలో సగటున ఒకటి తేడాగా కనిపిస్తుంది. విద్యార్థులు ముందు ప్రశ్నను, ఆ తరువాతే ప్రోటీన్లను నిర్ణయించుకోవాలి.

ఇందుకోసం ప్రతి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఖరీదైన యంత్రాన్ని కొనాలని నేను అనను. వైద్య కళాశాలలతో కలిసి, నైతిక సంఘం అనుమతితో, పోలిక వర్గాన్ని కూడా చేర్చి, సజ్జ తినకముందూ తిన్న తరువాతా నమూనాలు సేకరించాలి. క్షేత్ర ప్రయోగానికి కంట్రోల్ లేనిదే దిగుబడి ఫలితాన్ని అంగీకరించని మనం, పోషణ ఫలితానికీ అదే నియమాన్ని పాటించాలి. ఆ ఆధారం చేతికి వచ్చేవరకు విస్తరణ శాస్త్రవేత్తలు “ఈ రకంలో ఇనుము ఎక్కువ” అని చెప్పవచ్చు. “ఇది రక్తహీనతను పోగొడుతుంది” అని మాత్రం చెప్పరాదు.