నలుపు తెలుపులో ఎర్ర మందారం

ఎర్ర మందారాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద తీస్తే ఎలా వస్తుంది? పిల్లలూ, ముందు మీ జవాబు మనసులో అనుకుని, తర్వాత చదవండి.

మామూలుగా తీస్తే పువ్వూ ఆకూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో వస్తాయి. మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఎరుపు, ఆకుపచ్చల తేడా ఫిల్ముకి పట్టదు. ఎంత వెలుగు పడిందన్నదే దానికి లెక్క. అందుకే లెన్సు ముందు ఫిల్టరు పెడతారు. ఎర్ర ఫిల్టరు ఎరుపుని రానిచ్చి ఆకుపచ్చని ఆపేస్తుంది. పువ్వు తెల్లగా, ఆకులు నల్లగా వస్తాయి. ఆకుపచ్చ ఫిల్టరు పెడితే అంతా తారుమారు. డిజిటల్‌లో అయితే ఈ మార్పులన్నీ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. కంప్యూటర్ల మీదే బతికేవాణ్ణి, దాన్ని తక్కువ చేయను. ఫిల్ముతో మాత్రం మీట నొక్కకముందే తేల్చుకోవాలి.

మా ఇంట్లో స్టూడియో అంటే ఉత్తరం కిటికీ ఉన్న గది, ఒక బల్ల, వెనక నల్లగుడ్డ, నీడ పడే వైపు తెల్ల అట్ట. అంతే. చలికాలమని లోపల పెట్టిన కుండీలో ఒక్క మందారం పూసింది. దాని ఆయుష్షు ఒక్కరోజు. ఫొటోకని మా అమ్మాయి, పూజకని మా అమ్మ, ఇద్దరూ దానిమీదే కన్నేశారు. "కోయకండి, కుండీతో సహా పట్టుకెళ్ళండి. వాసన చూడొద్దు. పదింటికల్లా నా పువ్వు నాకు కావాలి" అంది అమ్మ. మందారానికి వాసనెక్కడిది నానమ్మా అని అమ్మాయి నవ్వింది.

రోలులో 12 ఫొటోలు. ఫిల్టరు లేకుండా 4, ఎర్రదానితో 4, ఆకుపచ్చదానితో 4 అని అమ్మాయే పంచుకుంది. ముదురు ఎర్ర ఫిల్టరు వెలుగులో 8వ వంతునే రానిస్తుంది. అర సెకను కాస్తా 4 సెకన్లవుతుంది. సెకను దాటితే ఫిల్ము కూడా మందగిస్తుంది కనుక ఇంకా పెంచాలి. అంతసేపూ రేకు కదలకూడదు. హీటరు గాలికి కదులుతోందని దాన్ని కట్టేసి, అందరం శాలువాలు కప్పుకున్నాం. పదింటికి అయిదు నిమిషాలుందనగా పువ్వు దేవుడి గదికి చేరింది.

ఫిల్ము కడిగి ప్రింట్లు వేశాక ఎర్ర ఫిల్టరు ఫొటో చూసి "ఇదెవరింటి తెల్ల మందారమే?" అంది అమ్మ. అందులో పువ్వు మధ్య కాడ మీది పసుపు పుప్పొడి కూడా తెలుపులో కలిసిపోయింది. ఆకుపచ్చ ఫిల్టరుతో తీసినదాంట్లో రేకులు ముదురుగా, వాటి ముందు పుప్పొడి చుక్కలు మెరుస్తూ వచ్చాయి. నా ఓటూ అమ్మ ఓటూ దానికే. అమ్మాయి మాత్రం తెల్లదాన్నే తన గదిలో తగిలించుకుంది.

ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1925లో తీసిన 'మాగ్నోలియా బ్లాసమ్' ఫొటో వీలైతే పిల్లలకి చూపించండి. ఆవిడ కాలేజీలో చదివింది కెమిస్ట్రీ. ముగ్గురు చిన్నపిల్లల్ని పెంచుతూ ఇంటి పట్టునే ఉన్న రోజుల్లో పెరటి మొక్కల్ని తీసింది. మాగ్నోలియా మన సంపెంగకి దగ్గరి చుట్టమే. తెల్ల పువ్వు కాబట్టి అక్కడ రంగుల గొడవ లేదు, ఉన్నదంతా వెలుగునీడలే.

ఫిల్ము కెమెరా లేనివాళ్ళు ఎర్ర, ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితాలు తెచ్చుకోండి. ఒక్కొక్కటే కంటికి అడ్డం పెట్టుకుని, ఆకులతో ఉన్న ఎర్ర గులాబీని చూడండి.