ఓడిన చోటికే మళ్లీ

బదిలీ అనగానే మనకు కొత్త బడి, కొత్త భాష, తెలియని ముఖాలు గుర్తొస్తాయి. "నావల్ల కాదు" అనిపిస్తుంది.

పి.వి. సింధు 2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్లో 110 నిమిషాలు పోరాడి, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా చేతిలో ఓడింది. 2018 ఫైనల్లోనూ ఓటమే. 2019లో మళ్లీ ఫైనల్‌కు చేరి, అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి విశ్వవిజేత అయింది.

అంతా మంచే జరుగుతుందని చేతులు ముడుచుకు కూర్చోవడం ఆశ కాదు. లోపం దిద్దుకొని, ఓడిన చోటికే మళ్లీ వెళ్లడం ఆశ. కొత్త బడిలో మొదటి పరీక్షలో మార్కులు తగ్గవచ్చు, మాట తడబడవచ్చు. అంతటితో ఆట ముగియదు.

మనం వదిలి వచ్చిన ఊరు కూడా ఒకనాడు కొత్తదే. అక్కడ మాట కలిపాం, స్నేహితులను సంపాదించుకున్నాం. ఇక్కడా ఆ పని చేయగలం.