వెనక సీటుకూ హక్కుంది

పోయిన నెల దావత్‌కు మా బేగం నా బండెక్కనంది. "మీ వెనక కూర్చుంటే నడుం పట్టేస్తోందండీ, ఆటోలో వస్తా" అంది. షరమ్ వేసింది. నా వజన్ 104 కిలోలు. నేను కూర్చున్నాక ఆమెకు మిగిలేది జానెడు సీటు. పైగా బుర్ఖాతో ఒకవైపు కూర్చోవాలి.

"సన్నబడు మియా" అంటారు దోస్తులు. సన్నబడతాను, ఇన్‌షా అల్లాహ్. అప్పటిదాకా ఆమెకెందుకీ సజా?

బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం. బీబీని వెనక కూర్చోబెట్టి చూస్తామా?

పాత బండికీ ఇలాజ్ ఉంది. మెత్తటి సీటే ఆరామ్ అనుకోవడం గలత్. పలచటి స్పాంజి నాలాంటోళ్ల బరువుకు అణిగిపోయి అడుగు తగులుతుంది. సీట్లు కుట్టే ఉస్తాద్‌తో గట్టి ఫోమ్ వేయించి, వెనకవైపు వెడల్పు చేయించాను. మెకానిక్ వెనక షాకబ్జార్ల స్ప్రింగు రెండు మెట్లు బిగించాడు. ఇద్దరెక్కితే వెనక టైరులో గాలి ఎంతుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.

ఇంకో మాట. అందం కోసం శారీ గార్డ్ పీకేయకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రానికి అడ్డు ఉండాలంటుంది. బుర్ఖా అంచు చక్రంలో పడితే జాన్‌కే ఖత్రా.

మొన్న ఇత్వార్ బేగం మళ్లీ బండెక్కింది. ఇంటికొచ్చేదాకా నడుం మాటే ఎత్తలేదు. ఇంట్లోవాళ్ల ఆరామ్ మీద పెట్టే ఖర్చు ఫుజూల్ కాదు భాయ్.