పసిపిల్లలకి ‘పవర్ మందు’ అడగొద్దు

ఈసారి వరి గురించి కాదు, ఇంట్లో పిల్లల గురించి.

మొన్న సార్వా నాట్లప్పుడు మా మూడేళ్ల మనవడికి జలుబు, జ్వరం. మెడికల్ షాపుకెళ్లి "కొంచెం పవర్‌ది ఇవ్వు తమ్ముడూ" అని నేనే అడిగి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చాను. రెండురోజుల్లో జ్వరం తగ్గింది. మిగిలిన మందు గూట్లో పెట్టి, నెల తర్వాత దగ్గొస్తే అదే పోశాం. విరేచనాలు పట్టుకున్నాయి. బందరు తీసుకెళ్తే పిల్లల డాక్టరుగారు సీసా చూసి, "ఇది జలుబుకి పనిచేసే మందే కాదండీ. పైగా నీళ్లు కలిపిన సిరప్ ఇన్నాళ్లు దాచి వాడకూడదు" అన్నారు. తల దించుకున్నాను.

ఎందుకంటే ఈ సంగతి మనకి తెలియంది కాదు. సుడిదోమకి ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో ఎంత బాగా పనిచేసింది! దోమ ఉన్నా లేకపోయినా ఏటా అదే కొట్టాం. తట్టుకున్న దోమ మిగిలి, దాని సంతతే పెరిగింది. ఇప్పుడు డోసు పెంచినా లొంగట్లేదు. బ్యాక్టీరియా కూడా అంతే. జలుబు, మామూలు దగ్గు చాలావరకు వైరస్‌తో వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కానీ ఒంట్లో బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి, మొండివి మిగులుతాయి. రేపు నిజంగా న్యుమోనియా వస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. ఆ మొండివి పక్కింటి పిల్లాడికీ అంటుకుంటాయి.

రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే సరుకు వెనక్కొస్తుందని చెరువుల దగ్గర భయపడతాం. 2019లో కేంద్రం పశువులకి, కోళ్లకి, ఆక్వాకి కొలిస్టిన్ నిషేధించింది, అది మనుషులకి ఆఖరి మందుల్లో ఒకటి కాబట్టి. రొయ్య మీద ఉన్న జాగ్రత్త మనవడి మీద వద్దా?

తప్పంతా డాక్టర్ల మీదా, ఆర్‌ఎంపీల మీదా వేయలేం. హంసలదీవి నుంచి అవనిగడ్డ పోతే ఒకరోజు కూలి పోతుంది. వట్టి చేతుల్తో పంపితే "ఏం డాక్టరయ్యా" అంటాం. ఆ ఒత్తిడికే కొందరు రాసేస్తారు.

అందుకని నా మాట. "ఇది వైరస్ జ్వరమా, యాంటీబయాటిక్ అవసరమేనా?" అని డాక్టర్ని అడగండి. రాస్తే, బిడ్డ బరువుని బట్టి చెప్పిన డోసు, చెప్పినన్ని రోజులు వేయండి. మిగిలింది దాచొద్దు. మాత్రల అట్ట మీద ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని అర్థం. అయితే బిడ్డ ఎగశ్వాస పీలుస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా ఒక్క గంట కూడా ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తండి.

దోమకి పంట పోతే దాళ్వా ఉంది, వచ్చే సార్వా ఉంది. పిల్లాడికి రెండో పంట లేదు.