ఆ నలుబదియెనిమిది మంది స్త్రీల వ్రాతలు

నియంతృత్వమును గూర్చి ముచ్చటించునప్పుడు సామాన్యజనమును నిర్దోషులుగా నిలబెట్టుట మనకు అలవాటు. స్త్రీల యెడ ఈ దయ మరికొంత ఎక్కువ. “పాపము, వారికేమి తెలియును, మోసపోయినారు” అని మాట ముగింతుము. ఈ దయలో చిన్నచూపు దాగియున్నదని మా అభిప్రాయము.

1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాజశాస్త్రజ్ఞుడు థియోడర్ ఏబెల్ జర్మనీలో ఒక పోటీ ప్రకటించెను. హిట్లరు ఉద్యమములో తామెట్లు చేరిరో ఎవరికి వారు తమ జీవితకథగా వ్రాసి పంపవలెను. బహుమతుల మొత్తము 400 మార్కులు. వచ్చిన 683 స్వీయకథలలో 48 స్త్రీలవి. 1938లో వెలువడిన తన గ్రంథమున ఏబెల్ వీనిని పక్కన పెట్టెను. విద్వాంసునికే అవి లెక్కకు రాలేదు! మిగిలిన ప్రతులు నేడు స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థలో భద్రముగా ఉన్నవి. వానిని పరిశోధకులు శ్రద్ధగా చదువుట ఇటీవలి మాట.

నాజీ పార్టీ సహకారముతో జరిగిన పోటీ గనుక ముఖస్తుతి కొంత ఉండక మానదు. అయినను ఆ స్త్రీల గొంతు స్పష్టముగానే వినబడును. 1918 నాటి పరాజయము, ఆకలి, ద్రవ్యోల్బణము, కమ్యూనిస్టుల భయము, ధనిక పేద భేదములేని ఒకే జాతియను కల — ఇవి వారు చెప్పు కారణములు. కరపత్రములు పంచినవారు, కార్యకర్తలకు వండిపెట్టినవారు, ఇరుగుపొరుగుల పరిహాసమును ఓర్చుకొన్నవారు అందున్నారు. 1921 నుండియే ఆ పార్టీ తన నాయకత్వమున స్త్రీకి చోటు లేదనినది. 1933లో వధువు ఉద్యోగము మానినచో 1000 మార్కుల వరకు వివాహఋణము ఇత్తునన్నది ఆ ప్రభుత్వమే. ఇదంతయు రహస్యము కాదు. ఎరిగియే వారు గర్వించిరి.

ఆ “ఒకే జాతి”లో యూదులకు చోటు లేదు. కొందరు వారిపై ద్వేషమును బాహాటముగా వెళ్ళగ్రక్కిరి. మరికొందరి వ్రాతలలో యూదుని ప్రసక్తియే అరుదు. అప్పటికి యూదుల దుకాణముల బహిష్కారము జరిగి (1933 ఏప్రిల్ 1) ఏడాది దాటినది. యూదులగు ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు పెక్కుమంది కొలువులు కోల్పోయిరి. తన జాతి ఐక్యతకు మురిసిపోవుచున్న గృహిణికి తన వీథిలో మూతపడిన అంగడి కనబడలేదా? కనబడియు వ్రాయదగినదిగా తోచలేదా? ద్వేషము కక్కిన పుటలకంటె ఈ మౌనమే మమ్ము ఎక్కువ కలవరపెట్టినది. మరుసటి సంవత్సరమే నూరెంబర్గ్ చట్టములు యూదుల పౌరసత్వ హక్కులను హరించినవి.

ఈ వ్రాతలు నేడు ఆంగ్లానువాదములలో లభించుచున్నవి. ఒక్కదానినైనను తెలుగులోనికో ఉర్దూలోనికో తెచ్చు విద్యార్థినీ విద్యార్థులకు వచ్చు సంచికలో చోటు కల్పింపవలసినదిగా కళాశాల సంఘమువారిని కోరుచున్నాము.