వేషానికి దండం

పులితోలు కప్పుకొన్న గాడిద కథ మన విద్యార్థులందరూ ఎరిగినదే. తోలును చూచి బెదిరిన జనం ఓండ్ర విన్నంతనే నిజం గ్రహించినారు. ఓండ్ర విన్న తరువాత కూడ జనం చేతులు కట్టుకొని నిలిచినచో ఏమగునో తెలిసికొనగోరువారు, జర్మన్ దర్శకుడు రాబర్ట్ ష్వెంట్కే 2017లో రూపొందించిన ‘ది కెప్టెన్’ అను చిత్రాన్ని చూడవలెను.

ఇది యథార్థగాథ ఆధారంగా తీసిన చిత్రం. 1945 ఏప్రిల్ నాటికి జర్మనీ ఓటమి అంచున ఉన్నది. విల్లీ హెరోల్డ్ అను పందొమ్మిదేండ్ల సైనికుడు దళాన్ని విడిచి, స్వదేశ సైనికులే తరుముచుండగా పరుగెత్తుచున్నాడు. దారిలో విడిచిపోయిన ఒక వాహనంలో అతనికి కెప్టెన్ దుస్తులు దొరికినవి. వాటిని తొడుగుకొన్నాడు. అంతలో అటు వచ్చిన మరొక సైనికుడు అతనికి వందనం చేసి, తనను వెంట తీసికొనిపొమ్మని ప్రార్థించినాడు. ఆ వందనమే హెరోల్డ్‌ను అధికారిని చేసినది.

పరివారం పెరిగినది. హిట్లరే తనను స్వయంగా పంపినాడని చెప్పుకొంటూ అతడు ఎమ్స్‌లాండ్ ప్రాంతంలోని ఆషెన్‌డోర్ఫర్‌మోర్ నిర్బంధ శిబిరంలో ప్రవేశించినాడు. అక్కడి బందీలలో అతనివలెనే సైన్యం విడిచిపోయినవారు అనేకులు. అతని ఆజ్ఞతో నూరుమందికి పైగా బందీలు హతులైనారు. నిన్న తాను కోరుకొన్న కనికరాన్ని నేడు తనవంటివారికే అతడు నిరాకరించినాడు.

అయితే నేరమంతయు ఆ యువకునిపై మోపి మనం తృప్తిపడుటకు వీలులేదు. శిబిరంలో శంకించినవారు లేకపోలేదు. కాని వారి శంక ‘పైవారి అనుమతి ఉన్నదా?’ అన్నంతవరకే సాగినది. పైనుండి అంగీకారం లభించినంతనే తుపాకులు పేలినవి. ‘ఇది న్యాయమేనా?’ అని అడిగి అడ్డునిలిచినవారు లేరు. దొంగ కెప్టెన్ ఒక్కడే. అతని మాటను చెల్లించినవారు అనేకులు.

యుద్ధం ముగిసిన తరువాత 1945 మేలో రొట్టె దొంగిలించినందుకు బ్రిటిష్‌వారు హెరోల్డ్‌ను పట్టుకొన్నారు. అసలు నేరాలు ఆ పిమ్మట బయటపడినవి. 1946 నవంబరు 14న అతనికి, మరి ఐదుగురికి శిరశ్ఛేద శిక్ష అమలైనది. చిత్రం చివర దర్శకుడు ఆ వేషధారులనే నేటి జర్మన్ వీథులలో తిప్పి, దారినపోవువారిని ఆపి సోదా చేయించినాడు. ఈ కథ గతించినది కాదని ఆయన హెచ్చరిక.

చిత్రంలోని హింస దారుణమైనది. చిన్న తరగతులవారికి చూపదగదు. కాని ఉపాధ్యాయులు తప్పక చూడవలెను. చెప్పినది చేయువానినే ఉత్తమ విద్యార్థిగా ఎంచుట మన బడులలో అలవాటు. క్రమశిక్షణ అవసరమే. కాని పై ఉత్తరువును కూడ మంచిచెడ్డలతో తూచి, వలదని చెప్పగల ధైర్యం దానితోపాటు అలవడవలెను. ‘ఎందుకు?’ అని వినయంగా అడిగిన బాలుని గద్దించి కూర్చుండబెట్టునపుడు, ఆ ప్రశ్న అడుగువారు లేక ఆ శిబిరంలో ఏమి జరిగినదో ఒక్కసారి తలచుకొనుట మంచిది.