కూలి కోసినవాడే మొర వినవచ్చునా?

సోదర నేతకారులారా,

ఈ మధ్య కంపెనీలలో హెచ్.ఆర్. అను శాఖ పేరు విరివిగా వినబడుచున్నది. హోసూరు వైపు కార్ఖానాలలో పనికి పోయిన మన పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినపుడు దాని సంగతి చెప్పుచుందురు. మేనేజర్లను అడిగినచో, అది పనివారిని చేర్చుకొని, హాజరు చూచి, క్రమములో నడిపించు శాఖ అందురు. పనివారిని అడిగినచో, అది యజమాని చెవి అందురు.

ఈ తగవు కొత్తది కాదు. పూర్వము బట్టల మిల్లులలో మనిషిని పనిలో పెట్టుట, తీసివేయుట, సెలవిచ్చుట చాలవరకు మేస్త్రీ చేతిలో నుండెడిది. వానికి మామూలు ముట్టనిదే పని దొరకని చోట్లు అనేకము. 1931లో విట్లీ కమిషను ఆ పెత్తనము తీసివేసి లేబరు ఆఫీసర్లను నియమించవలెనని చెప్పెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 500 మందియు అంతకు పైనను పనిచేయు ఫ్యాక్టరీలలో సంక్షేమాధికారి ఉండవలెనని విధించెను. అయితే అతనికి జీతమిచ్చునది యజమానియే గదా! పనివారి అనుమానము అక్కడనే నిలిచిపోయెను.

మరి మన సంఘముల సంగతి ఏమి? ఇక్కడ నేతగాడు కూలివాడు మాత్రమే కాడు, వాటాదారుడు కూడ. మగ్గము అతని ఇంటిలోనే యున్నది. కాని నూలు ఇచ్చువాడు, బట్ట కొలుచువాడు, తప్పు పట్టి కూలి కోయువాడు, ఆ కోతపై మొర వినువాడు అన్నియు ఒక్కడే. ఆ ఒక్కడు సెక్రెటరీ. అనగా నావంటివాడు.

ఒకసారి ఒక సభ్యుడు తెచ్చిన చీరలలో పోగులు తెగిన జాడలు కనబడినవి. కూలిలో కోత వేసితిని. “అన్నా, పడుగు నిలుచుట లేదు, నూలు చూడు” అనెను. సాకు అనుకొంటిని. మరుసటి నెల అదే బేలు నూలు తీసికొన్న మరి ముగ్గురు అదే మాట చెప్పిరి. అప్పుడు గాని నేను చిలప విప్పి లాగి చూడలేదు. తప్పు నూలుది. కోసిన డబ్బు తిరిగి ఇచ్చితిమి. కాని ఆ నెల ఆ ఇంటివారు ఎట్లు గడిపిరో ఏ పద్దులోను లేదు.

సెక్రెటరీ కష్టము నాకు తెలియనిది కాదు. నాసి బట్టను కొనువారు తిప్పి పంపినచో నష్టము సభ్యులందరిది. బట్ట పరీక్ష ఉండవలసినదే. అయితే పరీక్షించిన చేయి, ఫిర్యాదు వినెడి చెవి ఒకే మనిషివి కారాదు.

కావున నా సూచనలు ఇవి. సర్వసభ్య సమావేశము ఎన్నుకొన్న ఇద్దరు సభ్యుల వద్ద మొరల పుస్తకము ఉండవలెను. సెక్రెటరీ వద్ద కాదు. ప్రతి నెల పాలకవర్గము దానిని చదివి, ప్రతి మొరకు ఎదురుగా జవాబు వ్రాయవలెను. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ కావలెను. 2019-20 చేనేత గణన ప్రకారము దేశములో 35 లక్షలకు పైబడిన చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. కండెలు చుట్టు అక్క, మగ్గమెక్కు వదిన ఆఫీసు గుమ్మము తొక్కి నాతో పోట్లాడగలరా?

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ తీర్మానమును నేనే ప్రతిపాదింపనున్నాను. నా అధికారము కొంత తగ్గును. తగ్గనిండు. తక్కిన సంఘములవారును తమ అభిప్రాయములను ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ సెక్రెటరీ,
చెట్టికరై, ధర్మపురి జిల్లా.